అత్త కుడిచేయి

షహీన్ ఆఫీసు గుమ్మం దగ్గరే ఆగిపోయింది. లోపలికి రమ్మని పవిత్ర రెండుసార్లు పిలిచాక గానీ కదల్లేదు. చేతిలో బట్టల సంచి ఉంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"సార్, మా అత్తకు నేను మందు పెట్టినానంటాండారు. ఈ పొద్దే ధర్మవరం పోయి మీ అమ్మకాడ ఉండమన్యాడు మా ఆయన. నేనట్ల చేసేదాన్ని కాదు సార్. నిజమేందో మీరే కనిపెట్టల్ల."

తిప్పేస్వామి కుర్చీ చూపించి మంచినీళ్లు ఇప్పించాడు. ఇన్సూరెన్స్ క్లెయిముల్లో నిజానిజాలు తేల్చే ఉద్యోగం మానేసి, హిందూపురం బజారులో సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్న మనిషి ఆయన. భయపడి వచ్చినవాళ్లను ఆయన మాట్లాడించే తీరు చూస్తే, అసిస్టెంటు పవిత్రకు ఇప్పటికీ ముచ్చటే.

షహీన్ మెల్లగా చెప్పుకొచ్చింది. అత్త జమ్రూద్‌కు చాలా ఏళ్లుగా సొరియాసిస్. రెండు అరచేతులూ, వేళ్లూ పొలుసులు లేచి పగిలిపోతుంటాయి. చేతులు నీళ్లలో పెట్టొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. పెళ్లయి వచ్చాక షహీన్ కొబ్బరినూనెలో వేపాకు కాచి, రోజూ ఆమె చేతులకు తానే పూస్తోంది. ఈమధ్య చూపుడువేలు మీద ఒక గడ్డ లేచింది, తర్వాత ఇంకొన్ని. ఎన్ని మందులు వాడినా తగ్గలేదు. వేరే ఇంట్లో ఉండే ఆడబిడ్డ ఆరిఫా చూడ్డానికి వచ్చి, తప్పంతా నూనెదేనని తేల్చేసింది.

"పద, చూద్దాం" అన్నాడు తిప్పేస్వామి.

తలుపు తీసింది ఆరిఫానే. షహీన్‌ను చూడగానే ముఖం తిప్పుకుంది.

"డిటెక్టివ్‌ను తెచ్చినావా? ఆ నూనె సీసా నేనెప్పుడో పారేసినా. ఇంగేం చూస్తారు?"

సాక్ష్యాన్ని మాయం చేసింది ఈమే అని పవిత్ర అప్పుడే నిర్ణయించేసుకుంది. తిప్పేస్వామి మాత్రం మంచం పక్కన కూర్చుని జమ్రూద్‌ను పలకరించాడు.

"ఏమ్మా, నొప్పిగా ఉందా?"

"నొప్పి కంటే ఈ గలాటానే ఎక్కువుండాది నాయనా. ఆ పిల్ల ఏమీ చేయలేదని మొత్తుకుంటాండా. ఎవురు ఇంటారు?"

ఆమె కుడిచేయి చాపింది. చూపుడువేలి నుంచి మోచేతి పైదాకా, దారానికి గుచ్చినట్టు వరసగా ఎర్రటి గడ్డలు. ఎడమచేయి పగుళ్లతో ఉంది, అంతే. ఆమె రవిక కుడిచేతి అంచు తడిసి ఉండటం, అక్కడ పచ్చటి పాచి మరక అంటుకుని ఉండటం పవిత్ర కూడా చూసింది. చూసి, వంటింటి తడి అనుకుని వదిలేసింది.

షహీన్ గదిలో కిటికీ పక్కన ఒక చేపల తొట్టి ఉంది. నీళ్లు తేటగా, అద్దం మచ్చ లేకుండా ఉన్నాయి.

"బాగా చూసుకుంటున్నావే" అన్నాడు తిప్పేస్వామి.

"నేను కాదు సార్. పొద్దున్నే పనికి పెనుకొండ బస్సెక్కితే మళ్లా సాయంత్రమే వస్తా. మా ఆయన కడుగుతాడు."

కొంతసేపటికి మెకానిక్ షెడ్డు నుంచి షహీన్ భర్త తన్వీర్ వచ్చాడు. తిప్పేస్వామి మాటల మధ్యలో అడిగాడు, "చేపల తొట్టి శుభ్రం చేయడం కష్టమేమో కదప్పా?"

"నాకు తెల్దు సార్. అది షహీన్ పని. నేను దాని జోలికే పోను."

తిప్పేస్వామి చిన్నగా తల ఊపాడు. ఆ ఊపు పవిత్రకు తెలుసు. ముడి వీడినప్పుడే ఆయన అలా ఊపుతాడు.

ముగ్గురినీ జమ్రూద్ మంచం చుట్టూ కూర్చోబెట్టి ఆయన మొదలుపెట్టాడు.

"నూనెలో విషముంటే రెండు చేతులూ పాడవ్వాలి. ఎడమచేతికి ఏమీ కాలేదు. ఉత్త వేళ్లతో నూనె పూసిన షహీన్‌కూ ఏమీ కాలేదు. కాబట్టి కుడిచేయి ఒక్కటే యాడికో పోయొచ్చింది. తొట్టిని తాను కడగనంటుంది షహీన్, తాను కడగనంటాడు తన్వీర్. ఆరిఫా ఉండేది వేరే ఇంట్లో. కానీ తొట్టికి పాచి లేదు. ఆ పాచి ఇదిగో, ఈ రవిక అంచున ఉంది."

జమ్రూద్ కుడిచేతిని కొంగులో దాచుకోబోయింది.

"రంగుచేపలు అమ్మే ఒకాయన చేతి మీద ఇట్లాంటి వరసే చూశాను, క్లెయిముల పనిలో ఉన్నప్పుడు. తొట్టి నీళ్లలో ఒక అరుదైన బాక్టీరియా ఉంటుంది, క్షయ క్రిమికి దాయాది. మామూలుగా మన చర్మం దాన్ని లోపలికి రానివ్వదు. పగిలిన చర్మమైతే దానికి తలుపు తెరిచినట్టే. నేను డాక్టర్ను కాను. పరీక్ష చేయించి తేల్చాల్సింది వాళ్లే. కానీ విషం పెట్టినవాళ్లు ఈ ఇంట్లో ఎవరూ లేరు."

"అమ్మా!" అన్నాడు తన్వీర్. "నీళ్లలో చేయి పెట్టొద్దన్యారు కదా!"

జమ్రూద్ కళ్లు నిండాయి. "అవి షహీన్ వాళ్ల నాయన పెంచిన చేపలప్పా. ఆయన పోయినంక ఆ పిల్ల తెచ్చుకున్యాది అదొక్కటే. కొత్తలో ఒక చేప చచ్చిపోతే, ఏడ్చుకుంటానే బస్సెక్కె. అప్పట్నించి ఎవురూ లేనప్పుడు నేనే కడుగుతాండా. నీకు తెలిస్తే తొట్టి బయట పడేస్తావని చెప్పలే. పుండుకు, దానికి సంబంధముంటాదని నాకేం తెలుసు?"

షహీన్ మంచం మీదికి వంగి, ఆ చేతిని తాకడానికి భయపడి, అత్త భుజం మీద తల వాల్చింది. జమ్రూద్ ఎడమచేత్తో ఆమె జుట్టు నిమిరింది. ఆరిఫా ముందుకొచ్చి, "వదినా, ఇల్లు ఇడిచి పోవద్దు" అంది. తన్వీర్ బట్టల సంచి తీసుకుని లోపలికి నడిచాడు.

చర్మం డాక్టరు గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాడు. ఆ క్రిమి నిదానంగా పెరిగేది కాబట్టి ఫలితం రావడానికి వారాలు పట్టింది. వచ్చాక తిప్పేస్వామి మాటే నిజమైంది. సరైన మాత్రలు నెలల తరబడి మింగాక గడ్డలు అణిగాయి. మచ్చలు మిగిలాయి, చేయి మాత్రం దక్కింది.

నయమయ్యాక జమ్రూద్ ఎవరితోనూ చెప్పకుండా ధర్మవరం బస్సెక్కింది. ఆ సంగతి తర్వాత షహీన్ ఆఫీసుకొచ్చి, నవ్వుతూ ఏడుస్తూ పవిత్రకు చెప్పింది. షహీన్ తల్లి ఇంటి గడప దాటకముందే, వీధిలో జనం వింటుండగానే, అత్త గట్టిగా అన్నదట:

"నీ బిడ్డను అనుమానించినాం వదినా. తప్పు మాదే. ఆ మాట నీకు నేనే చెప్పల్లనని వచ్చినా."