ఆమెన్ తర్వాత మాట

"ఏవండీ, నేల ఇంకా మెత్తగా ఉంది. ఒక్క జాకీని నమ్ముకుని కింద దూరతారా? మా నాన్న లారీ కిందకి వెళ్లే ముందు స్టెపినీ చక్రం దాని అడుగున తోసి పెట్టుకునేవారు!"

"మీ నాన్నది తెనాలి లారీ. ఇది జీపు. అత్తారింట్లో డ్రైవింగు స్కూలు పెట్టకు తల్లీ!" అని నవ్వాడు ఆదాము.

ప్రమీలారాణి మళ్లీ నోరు తెరవబోయింది. అత్తగారు కాంతమ్మ కసిరింది. "చాల్లే అమ్మాయ్! ప్రార్థన అయ్యాక అనుమానపు మాటేంటి? అది అవిశ్వాసం కాదూ?"

పిట్టలవానిపాలెంలోని ఆ ఇంట్లో ఏ పని మొదలుపెట్టినా కాంతమ్మ ప్రార్థన చేయాల్సిందే. ఆమెన్ అన్నాక ఇక ఎవరూ భయం మాట పలకకూడదు... కాపురానికి వచ్చిన నాలుగేళ్లుగా ప్రమీల నేర్చుకున్నది అదే. ఇందాక కాంతమ్మ జీపు మీద చెయ్యి ఉంచి ప్రార్థించింది. మర్నాడు కోత పండుగకి బాపట్ల వెళ్లేవాళ్లంతా ఆ జీపే మాట్లాడుకున్నారు. ఊడిపోయిన సైలెన్సరును ఆ సాయంత్రంలోగా బిగించాలి. పంక్చరు వేయించి తెచ్చిన స్టెపినీ చక్రం నాలుగడుగుల దూరంలో గోడకి ఆని ఉంది. దాన్ని దొర్లించడానికి ఎంతసేపు! ఆదాము దాని వంక చూడనైనా చూడకుండా గోనెసంచి పరుచుకుని కిందికి దూరాడు.

ప్రమీల కళ్లు జాకీ మీదే ఉన్నాయి. ముసురుకి నానిన నల్లమట్టిలో దాని అడుగు కొద్దికొద్దిగా దిగుతోంది. ఒక పక్కకి ఒరుగుతోంది కూడా! చెప్పనా? అత్తయ్య ఇక్కడే ఉన్నారే... మళ్లీ అవిశ్వాసం అంటారేమో! ఆ ఒక్క క్షణం ఆమె పెదవి కదపలేదు. జీవితమంతా ఆమెని కోసిన క్షణం అది!

జాకీ పక్కకి పడిపోయింది. జీపు కుంగింది. "అమ్మా!" అన్న కేక ఒక్కటే వినిపించింది.

"నాయనా ఆదామూ!" అంటూ కాంతమ్మ అక్కడే కూలబడింది. చేల నుంచి వస్తున్న కూలీలు పరుగెత్తుకొచ్చారు. ఇరుసు కింద ఆదాము కుడికాలు నలుగుతోంది. "పట్టండ్రా, ఎత్తండ్రా!" అని ఎదురింటి వీరాస్వామి బంపరు పట్టుకున్నాడు.

"ఆగండి బాబాయ్!" ప్రమీల అరిచింది. ఆ గొంతు తనదేనా అని ఆమెకే ఆశ్చర్యం! "ఊరికే ఎత్తొద్దు! మీరు లేపంగానే నేను చక్రం లోపలికి తోస్తాను. అప్పటిదాకా ఆయన్ని ఎవరూ లాగొద్దు!"

తొమ్మిదిమంది ఒక్క ఊపున ఎత్తారు. ఆమె స్టెపినీని పడుకోబెట్టి రెండు చేతులతో లోపలికి నెట్టింది. ఇంతలో ఒకడి కాలు బురదలో జారింది! జీపు మళ్లీ దిగింది... దిగి, చక్రం మీద ఆగిపోయింది! ఆ చక్రమే లేకపోతే ఆదాము గుండెల మీదికే వచ్చేది. అప్పుడు మెల్లగా అతన్ని బయటికి తీశారు.

బాపట్ల ఆసుపత్రిలో కాలికి కట్టు కట్టి, ఎముక అతుక్కుంటుందని, మళ్లీ నడుస్తాడని చెప్పారు. ప్రమీల గోడకి తల ఆనించి ఏడ్చేసింది.

"నా తప్పేనండి అత్తయ్యా! జాకీ ఒరగడం చూశాను... చూసి కూడా చెప్పలేదు!"

కాంతమ్మ కోడలి ముఖాన్ని చేతుల్లోకి తీసుకుంది. "నువ్వు ముందే చెప్పావమ్మా. నా కొడుకుని కాపాడమని నేను దేవుణ్ణి అడిగాను. ఆయన జవాబు నీ నోట పలికించాడు... ఆ నోరు నేనే మూయించాను! ఇంకెవరిది తప్పు, నాది కాక?"

మంచం మీద ఆదాము కళ్లు తుడుచుకున్నాడు. "నాది కాదేంటి? చక్రం నాలుగడుగుల దూరంలోనే ఉందిగా. నీ మాటకి నవ్వాను ప్రమీలా..."

వారం తర్వాత ఒక సాయంత్రం ఆసుపత్రిలోనే కాంతమ్మ కొడుకు మంచం పక్కన ప్రార్థన ముగించి ఆమెన్ అంది. లేవబోయి ఆగి, కోడలి వైపు తిరిగింది. "ఇంకేమన్నా చెప్పాలా అమ్మాయ్?"

ప్రమీల భర్త వంక చూసింది. అతను వద్దన్నట్లు తల అడ్డంగా ఊపాడు.

"ఉందండి అత్తయ్యా! ఆ కాలు నేల మీద పెట్టొద్దన్నారు డాక్టరుగారు. పొద్దున మీరు టిఫిన్‌కి వెళ్లినప్పుడు ఈయన గుమ్మం దాకా కుంటుకుంటూ వెళ్లొచ్చారు!"

"ఏరా!" అని కాంతమ్మ లేచి కొడుకు చెవి పట్టుకుంది.