కుంటి నడక దొంగతనం

డేగ కంటికి చిక్కని దొంగ ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. రాసిపెట్టుకోండి. డేగ అంటే పిట్ట కాదు, రిటైరైన సబ్‌ఇన్‌స్పెక్టరు.

ఆ ఉదయం ఆయన దగ్గరికి ఒక టైలరు వచ్చాడు.

"ఏం పోయింది?"

"నా కుంటి నడక సార్. ఎవరో ఎత్తుకుపోయారు."

డేగ అతని ఎడమకాలు చూశాడు. "ఇక్కడే ఉందిగా?"

"ఇది కాదు సార్. మా అమ్మాయి బొమ్మలో గీసిన నడక."

ఆ అమ్మాయి వీడియో గేములకు బొమ్మలు వేసేది. చదరపు చుక్కలు ఒక్కొక్కటే పేర్చి మనిషిని నిలబెట్టే పిక్సెల్ ఆర్ట్. చివరి గేములో ఒక ముసలివాణ్ణి, అతని చెయ్యి పట్టుకుని నడిచే చిన్నపిల్లని గీసింది. ముసలివాడికి తండ్రి నడకే పెట్టింది. పోయిన నెల ఆ అమ్మాయి ఆస్పత్రిలో కన్నుమూసింది.

నిన్న ఆఫీసువాళ్లు తండ్రిని పిలిచి గేము చూపించారు. ముసలివాడు సిపాయిలా నడుస్తున్నాడు! మొదటి వీధి దాటకముందే టైలరు లేచి వచ్చేశాడు.

"నా బిడ్డ నన్ను చూసిన చూపు సార్ అది. చెరిపేశారు. రేపు గేము బయటికి పోతుంది. ఈలోగా నాది నాకు ఇప్పించండి."

"అనుమానం?"

"సీనియర్ ఆర్టిస్టు. ఎప్పుడూ దాని బొమ్మలకు వంకలు పెట్టేవాడు."

టైలరుని వెంటబెట్టుకుని డేగ ఆఫీసుకి వెళ్లాడు. ఆ అమ్మాయి కుర్చీకి స్వెటర్ ఇంకా వేలాడుతోంది. పక్కన సీనియర్ ఆర్టిస్టు, గేముకు కోడ్ రాసిన ప్రోగ్రామర్.

"నడక ఎప్పుడు మారింది?"

"ఆమె పోయే ముందటి మంగళవారం సార్. సాయంత్రం 4:10. ఆమె పాస్‌వర్డ్‌తోనే," అన్నాడు ప్రోగ్రామర్.

"అది ఎవరెవరికి తెలుసు?"

"ఊరందరికీ. స్క్రీన్ కింద అంటించి ఉంది."

డేగ సీనియర్ వైపు తిరిగాడు. "నువ్వు దిద్దావా?"

"ఒకరి బొమ్మమీద నేను చెయ్యి పెట్టను సార్. లోపం చెప్తాం. దిద్దుకోవడం గీసినవాళ్ల పని."

"ఏం చెప్పావు?"

"'మొదట్నుంచీ చివరిదాకా కుంటుతూనే ఉంటే చుక్కలు తప్పుగా పడ్డాయనుకుంటారు తల్లీ. ఎప్పుడు కుంటకుండా నడుస్తాడో కూడా చూపించు, అప్పుడే కుంటడం కనబడుతుంది' అన్నాను. మొహం తిప్పుకుని వెళ్లింది. మళ్లీ రాలేదు."

"విన్నారా! నా బిడ్డని ఏడిపించి పంపాడు!" అన్నాడు టైలరు.

డేగకి ఏమీ తోచలేదు. చిక్కని దొంగ లేడన్నానా? ఆయన సొంత స్కూటరు ఎత్తుకుపోయినవాడు ఇప్పటికీ చిక్కలేదు. ఆ రోజు ఆఫీసుకి నడిచే వచ్చాడు పాపం.

"అన్నా, ఆ మంగళవారం సాయంత్రం మీ అమ్మాయి ఏం చేస్తోంది?"

"ఆస్పత్రి మంచం మీద, ఒళ్లో ల్యాప్‌టాప్. పడుకోమంటే వింటేగా! నన్ను టీ తాగి రమ్మంది. వరండా చివరిదాకా తలుపులోంచి నన్నే చూస్తూ ఉంది."

"ఎలా నడిచావు?"

"ఎలా ఏముంది సార్, కుంటుకుంటూ. అది పక్కనుంటేనే కాస్త బిగబట్టి తిన్నగా నడిచేవాణ్ణి. దానికి బాధని."

డేగ లేచి నిలబడ్డాడు.

"ఆటలో ఆ పిల్ల ముసలివాణ్ణి ఎక్కడ వదుల్తుంది?"

"వంతెన దగ్గర," అన్నాడు ప్రోగ్రామర్. "అక్కడితో ఆట అయిపోయినట్టే సార్. చేసినవాళ్ల పేర్లు పడతాయి. ఇంక కాళ్లెవరు చూస్తారు?"

"పెట్టు."

వంతెన వచ్చింది. పిల్ల ఆగి చెయ్యి ఊపింది. ముసలివాడు ఒక్కడే కదిలాడు. ఒక అడుగు తిన్నగా. ఇంకొకటి. ఆ తర్వాత ఎడమ భుజం కుంగింది. కాలు ఈడ్చాడు. పేర్ల వెనకాల అలాగే ఈడ్చుకుంటూ పోయాడు.

"అన్నా, దొంగ లేడు," అన్నాడు డేగ. "మీ అమ్మాయే మార్చింది. తను పక్కనున్నంతసేపే నువ్వు తిన్నగా నడుస్తావని దానికి తెలుసు. ముసలివాడూ పిల్లా కలిసి నడిచే చోటే అందరూ వెతికారు." సీనియర్ వైపు చూశాడు. "నీ మాట వింది బాబూ."

సీనియర్ రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

"ఆ పిల్లని వెనక్కి పిలవండి," అన్నాడు టైలరు.

ప్రోగ్రామర్ ఒక బటన్ చూపించాడు. టైలరు నొక్కాడు. పిల్ల పరుగెత్తుకొచ్చి ముసలివాడి చెయ్యి పట్టుకుంది. కాలు తిన్నగా పడింది.

ఇందులో నేను కల్పించింది ఆ బటన్ ఒక్కటే. వంతెన దగ్గర ఆగిన పిల్ల ఇక రాదు, ఆట అలాగే చేశారు. టైలరు అడిగితే ప్రోగ్రామర్ తల దించుకున్నాడు. లేదని చెప్పడానికి నాకు నోరు రాక, నేనే పెట్టాను.