తేలకూడని పడవ

శవం దొరికింది ఉదయం ఏడూ ఇరవైకి. పడవ అంతకుముందే దొరికింది.

పదిన్నరకల్లా సూపరింటెండెంట్ కేసు తేల్చేశాడు.

"ఇందులో ఏముంది? పడవ సరిగ్గా కట్టలేదు. రాత్రి గాలికి కొట్టుకుపోయింది. తెల్లారగట్ల ఆ పెద్దమనిషి చూసి, ఈదుకుంటూ వెళ్ళాడు. దమ్ము చాల్లేదు. మునిగిపోయాడు. కట్టిందెవరు? పడవ నడిపే ఆవిడ. నిర్లక్ష్యం. స్టేట్‌మెంట్ మీద సంతకం పెట్టించు, ఫైలు మూసెయ్."

ఎదురుగా నిలబడ్డ ఇన్‌స్పెక్టర్ అంతా వింది. ఆవిడకి డిపార్ట్‌మెంట్‌లో ఒక బిరుదుంది. కొరకరాని కొయ్య. మొహం మీద ఎవరూ అనరు. అయినా ఆవిడకి తెలుసు. తెలిసి లోలోపల మురిసిపోతుంది కూడా.

"సంతకం పెట్టనంటోంది సార్."

"తప్పు ఒప్పుకుంటే లైసెన్సుతో పోతుంది. లేదంటే జైలు. చెప్పావా?"

"చెప్పాను. జైలుకే పంపమంది."

టీ కలుపుతున్న చెంచా ఆగింది. "ఐదింటికి జెట్టీ దగ్గరికి ప్రెస్ వాళ్ళొస్తున్నారు. అప్పటికి ఆ కాగితం నా చేతిలో ఉండాలి."

"ఐదింటికి ఏదో ఒకటి ఉంటుంది సార్," అనేసి బయటికొచ్చింది ఇన్‌స్పెక్టర్.

ఆయన ఆ మాటకి ఏం అర్థం చేసుకున్నాడో ఆయనకే తెలియాలి.

*

పడవావిడని జెట్టీ పక్కన టికెట్ల గదిలో కూర్చోబెట్టారు. కూర్చోబెట్టారంటే, బెంచీ చూపించారు. ఆవిడ కూర్చోలేదు. గోడ నిండా లైఫ్ జాకెట్లు. గదంతా పెట్రోలు వాసన. కిటికీలోంచి చూస్తే జెట్టీకి కట్టేసిన ఆవిడ పడవ. చుట్టూ పోలీసు రిబ్బన్. పొద్దున్నుంచి ఆవిడని దాని దరిదాపులకి రానివ్వలేదు.

"నా ముడి ఊడదు," అంది పడవావిడ, ఇన్‌స్పెక్టర్ నోరు తెరవకముందే.

"ఎవరి ముడైనా ఎప్పుడో ఒకప్పుడు ఊడుతుంది."

"నాది ఊడదు. లాగేకొద్దీ బిగుస్తుంది. అసలు పడవ నీళ్ళలో వదల్లేదు మేడమ్. దుంగల మీద ఒడ్డుకి లాగి, చెట్టుకి కట్టాను."

"రాత్రి సరస్సులో పెద్ద అలలొచ్చాయంటున్నారు."

"అనేవాళ్ళకేం? అవతలి ఒడ్డున పడుకున్నది నేను." ఆవిడ గొంతు ఒక్కసారిగా లేచింది. "ఒక మనిషి పోయాడు మేడమ్. నా ముడి వల్ల పోయాడని నా చేత్తో నేను రాసివ్వాలా? అది రాశాక నాకు నిద్రెలా పడుతుంది? నిజంగా ఊడిందని రుజువు చెయ్యండి, లైసెన్సు నేనే చించి మీ చేతిలో పెడతాను. ఊరికే ఒప్పుకోమంటే మాత్రం చచ్చినా ఒప్పుకోను."

ఇన్‌స్పెక్టర్ ఆ మొహంలోకి కాసేపు చూసింది. అబద్ధాలాడేవాళ్ళు సాధారణంగా తమని నమ్మమని బతిమాలతారు. ఈవిడ దబాయిస్తోంది.

"ఇక్కడే ఉండు," అంది. "సంతకం మాత్రం పెట్టకు."

ఇరవై ఏళ్ళ సర్వీసులో ఏ పోలీసూ అనకూడని మాట అదే. అనేసింది.

*

నిన్న సాయంత్రం ఆ పడవలో అవతలి ఒడ్డుకి క్యాంపింగ్‌కి వెళ్ళింది ముగ్గురు. రిటైరైన హెడ్‌మాస్టరు, ఆయన భార్య, ఆయన తమ్ముడు. ఇప్పుడు ఇద్దరే మిగిలారు.

హెడ్‌మాస్టరు భార్య గెస్ట్‌హౌస్ గదిలో, మంచం మీద కాదు, మంచానికి ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది.

"ఎన్నింటికి లేచారు ఆయన?"

"నాలుగున్నర. టెంట్ జిప్పు తీసి చూసి, అరే, పడవ పోతోందే అన్నారు. ఆ పడవ పిల్లని లేపండి అన్నాను. పాపం, సామాన్లన్నీ మోసి అలిసిపోయింది, పడుకోనీ, నేను తెస్తాలే అన్నారు." ఆవిడ పెదవి కొరుక్కుంది. "పాపం అన్నారమ్మా దాన్ని. ముడి వెయ్యడం కూడా రానిదానికి పడవెందుకు? నేను వదలను దాన్ని. కోర్టులో నిలబెడతాను."

ఆ కోపంలో న్యాయం ఉంది. అది ఎవరి మీద పడాలన్నదే తేలాలి.

తమ్ముడు వరండాలో దొరికాడు. రెడీమేడ్ బట్టల షాపు. మనిషి ఒక్క పూటలో సగమైపోయాడు.

"రాత్రి అన్నయ్యతో గొడవపడ్డారట?"

"పేకాట దగ్గరండీ. ఆయన తొండి చేశాడు. జీవితమంతా పిల్లలకి నీతులు చెప్పి, పేకలో మాత్రం తొండి. ఇంకెప్పుడూ నీతో ఆడనన్నాను." తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఇంక ఎలాగూ ఆడలేనుగా."

"పడవ తాడు మీరు విప్పారా?"

"నేనా! నాకు పడవెక్కడమే రాదండీ. నిన్న ఒక కాలు పడవలో, ఒక కాలు ఒడ్డున పెట్టి బొక్కబోర్లా పడ్డాను. ఇంకా నొప్పిగానే ఉంది."

"పొద్దున ఏం జరిగింది?"

"వదిన అరుపులకి లేచాను. ఫోన్ చేస్తే ఇక్కణ్ణుంచి కెప్టెన్ తన లాంచీ వేసుకొచ్చాడు. నేనూ ఎక్కాను. నీళ్ళ మధ్యలో ఈ పడవ కనిపిస్తే వెనక కట్టాడు. తర్వాత తుంగలో అన్నయ్య..." ఆగాడు. "ముందు పడవ తన షెడ్డులో పడేసి వద్దామన్నాడు కెప్టెన్. నేను కాలర్ పట్టుకున్నానండీ. నేరుగా జెట్టీకి పోనీ, డాక్టర్ని పిలవాలని అరిచాను. అప్పటికే నా కాళ్ళు మడమల దాకా నీళ్ళలో ఉన్నాయి."

"సరస్సులో దిగారా?"

"లేదండీ, లాంచీలోనే. దాన్నిండా నీళ్ళు."

ఇన్‌స్పెక్టర్ తలూపింది.

*

కెప్టెన్ ఏ ఓడకీ కెప్టెన్ కాడు. తెల్ల టోపీ కొనుక్కున్నాడు, అందరూ అలా పిలవడం మొదలెట్టారు. జెట్టీ దగ్గర ఆరు లాంచీలున్నాయి ఆయనకి. ఐదు నీళ్ళలో కట్టి ఉంటాయి. ఆరోది సొంతానికి, కొత్తది. దాన్ని రోజూ సాయంత్రం ఒడ్డుకెక్కించి పెడతాడు.

ఇన్‌స్పెక్టర్ వెళ్ళేసరికి ఆ కొత్త లాంచీలోనే కూర్చుని, ప్లాస్టిక్ మగ్గుతో నీళ్ళు తోడి పోస్తున్నాడు.

"కారుతోందా?"

"రాత్రి వాన నీళ్ళు మేడమ్. ఈ మధ్య వానలకి వేళాపాళా లేదు."

"అవతలి ఒడ్డున క్యాంపింగ్ మొన్నటిదాకా మీదేనట?"

"పోయినేడు ఆవిడకిచ్చారు. ఇచ్చి చూడండి ఏమైందో." మగ్గు పక్కన పెట్టాడు. "ఆడవాళ్ళకి పడవలెందుకు మేడమ్? ఇది బలంతో పని."

"ఆడవాళ్ళకి యూనిఫాం ఎందుకన్నవాళ్ళని కూడా చూశాను. ఇద్దరు లోపలున్నారు."

కెప్టెన్ నవ్వబోయి మానుకున్నాడు. "అన్నట్టు మేడమ్, ఆ బోటు ఎండలో పడి ఉంది. ఫైబర్ పాడైపోతుంది. నా షెడ్డులో పెట్టించనా? ఇందాక కానిస్టేబుల్‌నీ అడిగాను, ఒప్పుకోలేదు."

"మీది కాదుగా, మీకెందుకంత బెంగ?"

"ఎవరిదైనా పడవ పడవే కదా."

"మంచి మనసు," అంది ఇన్‌స్పెక్టర్. వెళ్తూ వెళ్తూ కానిస్టేబుల్ చెవిలో రెండు ముక్కలు చెప్పింది.

*

టికెట్ల గదిలో పడవావిడ ఇంకా నిలబడే ఉంది.

"ఇదిగో ఈ బెంచీ నీ పడవ. ఆ స్తంభం చెట్టు. నిన్న సాయంత్రం ఏం చేశావో చేసి చూపించు. మాటలొద్దు."

పడవావిడ విసుక్కుంటూనే మొదలుపెట్టింది. బెంచీ లాగింది. కింద దుంగలు సర్దినట్టు సర్దింది. స్తంభానికి తాడు చుట్టింది. మోటారు తాళం తీసింది. తర్వాత బెంచీ వెనక్కి వెళ్ళి వంగి, వేళ్ళతో ఏదో మెలితిప్పింది. చెయ్యి నడుముకున్న సంచిలోకి వెళ్ళింది.

"ఆగు! ఇప్పుడేం చేశావ్?"

"ఏం చేశాను?"

"సంచిలో ఏం పెట్టావ్?"

పడవావిడ సంచి తడిమి బయటికి తీసింది. బొటనవేలంత ఇత్తడి ముక్క, చుట్టూ రబ్బరు.

"ఇదా? అడుగు బిరడా మేడమ్. పడవ అడుగున కన్నం ఉంటుంది కదా. ఒడ్డుకి లాగాక తీసేస్తాం. వాన పడితే నీళ్ళు నిలవకుండా కారిపోతాయని. పొద్దున మళ్ళీ..."

మాట అక్కడే ఆగిపోయింది. ఆవిడ కిటికీ వైపు తిరిగింది. జెట్టీ దగ్గర పడవ హాయిగా తేలుతోంది.

"మేడమ్... అదెలా..."

ఇన్‌స్పెక్టర్ చటుక్కున ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "ఇంకొక్క మాట వద్దు. అది సంచిలో పెట్టుకో. పొద్దున్నుంచి చెప్పలేదేం?"

"అందరూ ముడి, ముడి అన్నారు. నా బుర్రలోనూ ముడే ఉంది. ఇది... నేను చెయ్యను మేడమ్, చెయ్యే చేసుకుపోతుంది."

*

ఐదింటికి జెట్టీ మీద అందరూ ఉన్నారు. సూపరింటెండెంట్, ముగ్గురు విలేకరులు, హెడ్‌మాస్టరు భార్య, తమ్ముడు. కెప్టెన్ టోపీ సర్దుకుని ముందు వరసలో నిలబడ్డాడు.

"కాగితం ఏదీ?" అన్నాడు సూపరింటెండెంట్.

"రెండు నిమిషాలు సార్." ఇన్‌స్పెక్టర్ రిబ్బన్ తెంపింది. "అమ్మా, నీ పడవెక్కు. వెనక అడుగున ఏముందో పీకు."

పడవావిడ దూకి వంగింది. పీకింది. నీళ్ళు బుస్సుమని పైకి లేచాయి. విలేకర్లు వెనక్కి గెంతారు. ఆవిడ తన ఇత్తడి బిరడా తీసి కన్నంలో బిగించింది. నీళ్ళాగిపోయాయి.

ఆవిడ చేతిలో ఇంకో బిరడా మిగిలింది. నల్ల రబ్బరుది.

"పొద్దున్నుంచి మనమంతా ఈ పడవ ఎలా కొట్టుకుపోయిందని అడిగాం," అంది ఇన్‌స్పెక్టర్. "ఎలా తేలిందని ఎవరూ అడగలేదు. దీని బిరడా రాత్రంతా ఈవిడ సంచిలో ఉంది. ముడే ఊడితే, అలలే లాక్కెళ్తే, కన్నమున్న పడవ ఒడ్డు దాటకుండానే కూర్చుండిపోవాలి. సరస్సు మధ్యకి వెళ్ళిందంటే, ఎవరో తాడు విప్పారు. కన్నం మూశారు. అప్పుడు తోశారు."

తమ్ముడు నోరు వెళ్ళబెట్టాడు.

"ఆయన కాదు. ఆయనకి కన్నం ఉందనే తెలీదు. తెలిసినవాళ్ళకి అదొక ఆలోచన కూడా కాదు, చెయ్యే జేబులోంచి తన బిరడా తీసి బిగించేస్తుంది. పైగా పడవ మునిగితే కథ మునిగిపోతుంది. అందరూ చూసేలా తేలాలి." ఆవిడ తిరిగింది. "నల్ల రబ్బరు బిరడాలు ఎవరి లాంచీలకుంటాయి కెప్టెన్‌గారూ?"

"నావే! అయితే? ఎవడో కొట్టేసి ఉంటాడు!" కెప్టెన్ ఒంటికాలి మీద లేచాడు.

"మీ కొత్త లాంచీలోంచేనా?"

"అ... అవును."

"ఇందాక కానిస్టేబుల్ చూశాడు. దాని కన్నంలో గుడ్డ చుట్టిన చెక్కముక్క కుక్కి ఉంది. పొద్దున ఫోన్ రాగానే కుక్కారు. అందుకే అందులో మడమల దాకా నీళ్ళు. మరి నాతో వాన నీళ్ళన్నారేం? ఒడ్డున బిరడా తీసి పెట్టే లాంచీలో వాన నీళ్ళెలా నిలుస్తాయి?"

కెప్టెన్ ఒకడుగు వెనక్కి వేశాడు.

"బిరడా పోయిందని ఒక్కరికైనా చెప్పారా? మీ జెట్టీ ముందు జీపు ఆపితేనే ఊరంతా వినబడేలా అరుస్తారే! పోనీ, ఈ పడవని షెడ్డులో పెట్టాలని పొద్దున ఒకసారి, కానిస్టేబుల్‌ని ఒకసారి, నన్నొకసారి ఎందుకడిగారు? ఫైబర్ మీద ప్రేమా? లోపలికెళ్తే మీ బిరడా మీరు తీసుకోవచ్చు. ఈయన కాలర్ పట్టుకోకపోతే ఆ పని పొద్దున్నే అయిపోయేది."

కెప్టెన్ టోపీ తీసి చేత్తో నలిపాడు. "కట్ట మీదుగా నడిచెళ్ళాను. పడవ పోతే లైసెన్సు పోతుంది, క్యాంపు మళ్ళీ నాకొస్తుందనుకున్నాను. అంతే మేడమ్! ఆయన నీళ్ళలో దూకుతాడని నాకేం తెలుసు?"

"మీకు తెలీకపోయినా ఆయన తిరిగి రాడు," అంది ఇన్‌స్పెక్టర్. బేడీలు పడ్డాయి.

సూపరింటెండెంట్‌కి గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. అయినా పెద్ద ఆఫీసరు కదా, సర్దుకున్నాడు. విలేకర్ల వైపు తిరిగి, "మా డిపార్ట్‌మెంట్ మొదటినుంచీ అన్ని కోణాల్లో..." అంటూ అందుకున్నాడు. మధ్యలో పడవావిడకి చెయ్యి ఊపాడు. "నువ్విక వెళ్ళొచ్చు."

"వెళ్ళను."

"ఏంటీ?"

"పొద్దున ఇక్కడే, ఇంతమంది ముందు, మనిషిని చంపావన్నారు. అదే నోటితో చెప్పండి. నా ముడి ఊడలేదని."

సూపరింటెండెంట్ ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు. ఆవిడ సరస్సు అందాలు చూస్తోంది.

"ఊడలేదులే," అని గొణిగాడు.

"వినబడలేదు."

ఆ మాటన్నది పడవావిడ కాదు. హెడ్‌మాస్టరు భార్య. జనాన్ని తప్పించుకుని ముందుకొచ్చి నిలబడింది. "పోయింది నా మొగుడు. నాకు వినబడాలి."

"ఆవిడ ముడి ఊడలేదు!" సూపరింటెండెంట్ గట్టిగా అన్నాడు. "ఎవరో విప్పారు. ఆవిడ తప్పేమీ లేదు. చాలా?"

పొద్దున్నుంచి నిలబడే ఉన్న పడవావిడ అప్పుడు కూలబడింది. జెట్టీ చెక్కల మీద, మోకాళ్ళలో తల పెట్టుకుని, వెక్కి వెక్కి ఏడ్చింది.

హెడ్‌మాస్టరు భార్య ఆవిడ భుజం పట్టుకుంది. "ఇందాక నిన్ను నానా మాటలూ అన్నాను. లేమ్మా. నన్ను అవతలికి తీసుకెళ్ళు. ఆయన చెప్పులు టెంట్ ముందే ఉండిపోయాయి. నీ పడవలోనే వెళ్తాను, ఇంకెవరిదీ ఎక్కను."

"వీల్లేదు!" సూపరింటెండెంట్ అడ్డొచ్చాడు. "ఆ పడవ ఎవిడెన్స్!"

"ఎవిడెన్స్ ఈ రబ్బరు ముక్క సార్," అంది ఇన్‌స్పెక్టర్, బిరడాని కవర్లో వేస్తూ. "పడవ ఆవిడది."

పడవావిడ కళ్ళు తుడుచుకుని లేచింది. చెయ్యందించి పెద్దావిడని జాగ్రత్తగా దింపి, మధ్య పలక మీద కూర్చోబెట్టింది. మోటారు తాడు లాగింది. సూపరింటెండెంట్ ఇంకేదో అరుస్తున్నాడు. ఆ చప్పుడులో అది ఎవరికీ వినబడలేదు.