పచ్చరంగు పేరు

పెనుకొండలో మా డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌కు క్లాసులయ్యాక ఎవరూ రారు. కిటికీలోంచి కొండ కనిపిస్తుంది. వేడెక్కిన దుమ్ము వాసన వస్తుంటుంది. ధర్మవరం బస్సు వేళ దాకా నేనక్కడే కూర్చునేదాన్ని.

తెలుగు మేడమ్ మమ్మల్ని జతలు చేసి, జతకొక ఫైలు ఆన్‌లైన్‌లో తెరిచి ఇచ్చారు. ఎక్కడివాళ్ళం అక్కడే ఉండి, ఇద్దరం అందులో ఒకే కథ రాయాలి. ఎవరు రాస్తుంటే వాళ్ళ పేరు అక్షరాల పక్కన రంగులో వెలుగుతుంది. నా జత ఈశ్వరి, నా ప్రాణ స్నేహితురాలు. కాలు విరిగి గోరంట్లలో ఇంటిపట్టున ఉంది. ఫోన్ చేస్తే కలవదు గానీ, ఫైలు తెరిస్తే చాలు, పచ్చరంగులో వెంటనే పలికేది.

మాది మగ్గం ఇల్లు. నాయన నాడెతో దారం విసిరితే అవతలి పక్క నుంచి అమ్మ చీర అంచు నాడె అందించేది. ఒకరి వంతులో ఇంకొకరు చెయ్యి పెట్టేవాళ్ళు కాదు. మేమూ అలాగే రాశాం. నాదొక వాక్యం, తనదొక వాక్యం. నా వంతు రాసి చేతులు ఒళ్ళో పెట్టుకునేదాన్ని. ఈశ్వరి పేరు వెలిగేది. అప్పుడే మూలనున్న పాడైపోయిన కంప్యూటర్ దగ్గర టక్... టక్... అని చప్పుడయ్యేది. ఎలుకలనుకున్నాను. మా కాలేజీలో వాటికేం కొదవ?

ఒకరోజు మనసాగక, ఎవరికీ చెప్పనిది ఆ ఫైల్లోనే రాశాను. "నాయన పోయినప్పట్నుంచి ఇంట్లో ఉండబుద్ధి కావడంల్యా ఈశ్వరీ. యాడికన్నా పోవాలనిపిస్తాండాది."

"కథ అయిపోనీ. ఇద్దరం పోదాం. నేనుండా కదా," అని వచ్చింది. నాకు ఏడుపొచ్చింది. అమ్మ కూడా అంత మాట అనలేదు.

కథ చదివే రోజు ఈశ్వరి కాలికి కట్టుతోనే వచ్చింది. బయట మబ్బు కమ్మి ల్యాబంతా మసకగా ఉంది. "ఇద్దరు రాసినట్టే లేదమ్మా, ఒక్కరే రాసినట్టుంది," అని మేడమ్ తెగ మెచ్చుకున్నారు. అందరూ వెళ్ళాక ఈశ్వరి నా ఎదురుగా కూర్చుని నా చేతులు రెండూ పట్టుకుంది.

"భారతీ, తిట్టొద్దే. నేను దాంట్లో ఒక్క ముక్క కూడా రాయల్యా."

"తమాషాలు చెయ్యొద్దు."

"మా అవ్వ మీద ఒట్టు. పడినప్పుడే ఫోన్ పగిలిపాయ. ఫైలే తెరవల్యా. కథ బాగా వస్తాండాదని మేడమ్ మా అన్నకి చెప్పింది. నా పేరుతో నువ్వే రాస్తాండావనుకుని... మార్కులకి ఆశపడి నోరు మూసుకున్యా."

ముందు నాకు భయం వేయలేదు. ఒళ్ళు మండిపోయింది. నేను నాయన గురించి ఏడ్చుకుంటుంటే ఇది గోరంట్లలో హాయిగా పడుకుని ఉంది. నమ్మించి గొంతు కోయడమంటే ఇదే కదా! మరి ఇన్నాళ్ళూ నా గోడంతా ఎవరికి చెప్పుకున్నాను...

భయం అప్పుడు వచ్చింది.

టక్...

మూలన.

నా కంప్యూటర్లో ఫైలు ఇంకా తెరిచే ఉంది. పచ్చరంగులో ఈశ్వరి పేరు వెలిగింది. ఈశ్వరేమో నా ఎదురుగానే ఉంది.

"కథ అయిపోయింది. ఇంక పోదామా?"

"జవాబు రాయొద్దే..." ఈశ్వరి నా చేతులు ఇంకా గట్టిగా పట్టుకుంది.

రాయను. నా వంతు నేను రాయకపోతే అది ముందుకు రావడానికి వీల్లేదు. మా పద్ధతి అదే. ఆ ఒక్క ధైర్యంతో కదలకుండా కూర్చున్నాను. నా చేతులు రెండూ ఈశ్వరి చేతుల్లోనే ఉన్నాయి... చల్లగా.

టక్... టక్...

ఈసారి మూలన కాదు. నా కీబోర్డు మీద.

ఆ వాక్యం కింద ఇంకో పేరు వెలిగింది. అది నా పేరే.

"పోదాం."