పైపులోకి చెప్పిన మాట

"ఈ గదిని పైపుల గోడౌన్ అని పేపర్లో రాసింది మీరేనా?"

అంతర్జాతీయ కళా ప్రదర్శన మొదలైన మర్నాడే విలేఖరి అమ్మాయికి ఎదురైన ప్రశ్న అది. అడిగినవాడు చేతిలో రెంచీతో నిలబడ్డాడు. గోడల నిండా రాగి పైపులు, అదే ఆ గదిలో ప్రదర్శన. ఈ చివర మాట్లాడితే ఇంకెక్కడో ఆ చివర వినిపిస్తుంది. వాటిని బిగించింది అతనే.

"నేనే. నచ్చలేదు, రాశాను."

"మాట్లాడి చూశారా?"

"పైపులతోనా? నాకేం పిచ్చా?"

ఆ పిచ్చి త్వరగానే పట్టింది. పక్క గదుల్లో ఉప్పుతో చేసిన పడవ గురించి రాయాలని బయల్దేరేది, అద్దాల వాన గురించి రాయాలని బయల్దేరేది. కాళ్లు మాత్రం పైపుల గదికే లాక్కొచ్చేవి. "గోడౌన్ మేడమ్ వచ్చారు!" అని అతను ఆటపట్టించేవాడు. ఆమె మూతి ముడుచుకుని వెళ్లిపోయేది, మర్నాడు మళ్లీ వచ్చేది.

ఇవాళ ఆఖరి రోజు. రేపు పైపులు పెట్టెల్లోకి, పెట్టెలు వేరే దేశానికి, వాటితో పాటు అతనూ. ఇవాళ చెప్పకపోతే ఇక చెప్పడమంటూ ఉండదు. మొహం చూసి చెప్పడం ఆమెవల్ల కావడం లేదు.

"ఈ పైపు ఎక్కడికి వెళ్తుంది?" అంది.

"మేడ మీద ఖాళీ గదికి. అక్కడెవరూ ఉండరు. నేను వెళ్లేముందు ఒక్క మాటైనా మాట్లాడండి మేడమ్."

"అయితే చెవులు మూసుకోండి."

అతను బుద్ధిగా మూసుకున్నాడు. ఆమె పైపు దగ్గరికి వంగింది.

"పైపుల సంగతెలా ఉన్నా, బిగించినవాడు నాకు తెగ నచ్చాడు. వెళ్లిపోతున్నాడంటే ఏడుపొస్తోంది."

పైపు దగ్గింది.

"ఎవరమ్మా? గోడౌన్ అమ్మాయివా?"

ఆమె అదిరిపడింది. అతను నాలిక కరుచుకున్నాడు. "అయ్యో, మా అమ్మమ్మ! చూడ్డానికొచ్చి మెట్లెక్కలేనంటే, పొద్దున ఈ పైపు ఆ చివరని మేడ మీంచి కింద క్యాంటీన్లోకి మార్చాను. మర్చేపోయాను!"

"చెవులు మూసుకున్నారుగా? ఎలా వినిపించింది?"

"గట్టిగా మూసుకోలేదు."

పైపు ఊరుకోలేదు. "ఇంట్లో వీడికి రోజూ నీ గోలే తల్లీ. నీతో చెప్పమంటే మాత్రం వణుకు."

అతను ఎర్రబడ్డ మొహంతో పైపు దగ్గరికి వంగాడు. "అమ్మమ్మా, కాసేపు నువ్వూ చెవులు మూసుకో."

"నేను మూసుకుంటా. క్యాంటీనంతా వింటోందిరా, దానికేం చేస్తావ్?"

అతను పైపు వదిలి ఆమె వైపు తిరిగాడు. "నువ్వంటే నాకు ప్రాణం. తిరిగొచ్చేదాకా ఆగుతావా?"

"ఆగను," అంది ఆమె కళ్లు తుడుచుకుంటూ. "అక్కడికీ వస్తా. మళ్లీ గోడౌన్ అనే రాస్తా."

"రాద్దువుగాని," అంది పైపు. "ముందు ఇద్దరూ కిందికి రండి, టీ చల్లారిపోతోంది."