నగియా వంతు

ఆస్పత్రి కింది అంతస్తులో, ఎక్స్‌రే గదికి ఆనుకుని మా గది ఉండేది. కిటికీ లేదు. సర్వర్ల హోరు, ఒళ్ళు వణికించే ఏసీ, పక్కనుంచి వచ్చే ఫినాయిల్ వాసన. ఆ మధ్యాహ్నం ఇనాస్ మేడమ్, నేను ఫూల్ అనే చిక్కుడుగింజల ముద్ద పెట్టిన శాండ్‌విచ్‌లు తింటూ కూర్చున్నాం. పైన ఖమాసీన్ గాలి రేగింది. ఎడారి దుమ్ము అలెగ్జాండ్రియా మీదికి దిగి, పట్టపగలే దీపాలు వేసుకోవలసి వచ్చిందని పైనుంచి వచ్చినవాళ్ళు చెప్పారు. మా టీ గ్లాసుల అడుగున కూడా ఇసుక తగిలింది.

ఆ ఆస్పత్రిలో తీసిన ప్రతి ఎక్స్‌రే, ప్రతి స్కాన్ ఒకే చోట ఉంటుంది. ఏ వార్డులో ఏ డాక్టరు అడిగినా నెట్‌వర్క్ మీద అక్కణ్ణించే వెళ్ళాలి. ఆ పని చేసే ప్రోగ్రాం ఇనాస్ మేడమ్ ఒక్కతే రాసింది. ఒకేసారి చాలామంది అడుగుతారు కనక దానికి చాలా చేతులు పెట్టింది. థ్రెడ్‌లంటాం మేం. తప్పు అక్కడే దాక్కుంది. ఎప్పుడో ఒకసారి రెండు చేతులు ఒకే క్షణంలో ఒకే అర మీద పడేవి. ఒకరి బొమ్మ ఇంకొకరికి వెళ్ళిపోయేది. పట్టుకుందామని కూర్చుంటే జరగదు. మనం చూడనప్పుడే జరుగుతుంది.

అది జరుగుతోందని మాకు తెలిసింది నగియా వల్ల. అంతకుముందు పెద్దల్లో, పిల్లల్లో ఎందరికి అలా జరిగిందో ఎవరికీ తెలీదు. అబూకీర్ రేవులో చేపల వలలు బాగుచేసే ఆవిడ. దగ్గుతో వచ్చింది. డాక్టరు ముందు తెర మీద వేరెవరివో శుభ్రమైన ఊపిరితిత్తులు కనబడ్డాయి. ఏమీ లేదు, ఇంటికెళ్ళమన్నాడు. ఆవిడ మళ్ళీ వచ్చేసరికి చెయ్యగలిగిందేమీ మిగల్లేదు. ఛాతీ వార్డులోనే పోయింది. చివరి రోజుల్లో వచ్చినవాళ్ళందరినీ నా బొమ్మ నాకొకసారి చూపించండని అడిగేదట. అప్పటికే పై అధికారులు గొడవవుతుందని భయపడి ఆ బొమ్మని ఎక్కడా లేకుండా చెరిపించేశారు. తర్వాత మరమ్మతుల పేరు చెప్పి ఆ వార్డు మూసేశారు.

అప్పట్నుంచీ ఇనాస్ మేడమ్ ఇంటికి పోవడం తగ్గించేసింది. జుట్టు దువ్వుకోవడం కూడా మర్చిపోయేది. ఆ తప్పు దొరికేదాకా తనకి నిద్ర లేదని నాతో ఒకసారి అంది. నిజంగానే లేదు.

ఆ రోజు దొరికింది. అర ఖాళీగా ఉందా అని చూడటానికీ, దాన్ని తీసుకోవడానికీ మధ్య వెంట్రుకవాసి సందు. రెండో చెయ్యి అందులోంచే దూరుతోంది. అక్కడ ఒక తాళం పెట్టాం. ఒకరు లోపలికెళితే, బయటికొచ్చేదాకా మిగతావాళ్ళు ఆగాలి. అంతే. వేల బొమ్మలు ఒక్కసారిగా అడిగి చూశాం. ఒక్కటీ తారుమారు కాలేదు. కొత్త ప్రోగ్రాం ఎక్కించి మేడమ్ కుర్చీలో వెనక్కి వాలింది. చాలా నెలల తర్వాత ఆమె ముఖంలో కళ చూశాను.

టీ చల్లారకముందే షెహాతా బాబాయ్ వచ్చాడు. ఎక్స్‌రే తీసేది ఆయనే. బొమ్మలు ఎక్కడా తెరుచుకోవడం లేదట. దుమ్ములో దారి కనబడక ఒక మినీబస్సు బోల్తాపడిందట, తలలు పగిలినవాళ్ళు పైన స్ట్రెచర్ల మీద ఉన్నారట.

చూశాం. చేతులన్నీ తాళం దగ్గర ఆగిపోయి ఉన్నాయి. ఒక్కటి మాత్రం లోపల ఉంది. బయటికి రావడం లేదు.

అది ఎక్కణ్ణించి వచ్చిందో వెతికాను. ఛాతీ వార్డు కంప్యూటర్ నుంచి. షెహాతా బాబాయ్ నా భుజం మీంచి తొంగిచూసి, అక్కడ కంప్యూటరే లేదన్నాడు, మంచాలతోపాటు దగ్గరుండి తనే మోయించానన్నాడు. ఆ వార్డు తీగ మా గదిలోకే వస్తుంది. పీకేశాను. లోపలున్నది లోపలే ఉంది. అంతా ఆపేసి మళ్ళీ మొదలుపెట్టాను. ఇంకా ఎవరూ ఏమీ అడగనే లేదు... అప్పటికే తాళం పడి ఉంది.

ఏ బొమ్మ అడుగుతోందో మేడమ్ చూసింది.

"నగియాది," అంది.

తాళం తీసేద్దాం, ఈ ఒక్క పూట పాత ప్రోగ్రామే నడిపిద్దాం అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"పైన అన్ని తలలు పగిలి ఉన్నాయి ఫాదీ. ఒకరిది ఇంకొకరికి వెళితే?"

షెహాతా బాబాయ్ దగ్గర వార్డు తాళంచెవి అడిగి తీసుకుంది. నేనూ వస్తానంటే, నువ్విక్కడే ఉండి చూస్తుండు నాయనా అంది. ఆమె మెట్లెక్కుతుంటే పైనుంచి దుమ్ము పొగలా దిగుతోంది.

కాసేపటికి నా ఫోన్ మోగింది. ఆమే. ఈదురుగాలి... కిటికీ రెక్క టకటకా కొట్టుకుంటోంది. ఆమె మాట గుసగుసలా ఉంది.

"ఇక్కడ ఏమీ లేదు ఫాదీ. గోడవైపు తిప్పి ఒక కుర్చీ ఉంది..."

"వచ్చెయ్యండి మేడమ్."

ఎవరో దగ్గారు. దగ్గింది మేడమ్ కాదు. అడుగునుంచి పెగిలి వచ్చే తడి దగ్గు... ఆగింది... మళ్ళీ మొదలైంది. ఫోన్‌కి మరీ దగ్గరగా.

"తన బొమ్మ అడుగుతోంది," అంది మేడమ్.

లేదని చెప్పండి అన్నాను.

"చెప్పాను." ఆమె ఊపిరి వినబడుతోంది. "అది లేకపోతే నా బొమ్మైనా ఇవ్వమంటోంది."

వద్దని అరిచాననే అనుకుంటున్నాను. అరిచానో లేదో తెలీదు. పక్కగదిలో ఎక్స్‌రే యంత్రం ఖట్‌మంది. ఆ గదిలో ఎవరూ లేరు. షెహాతా బాబాయ్ నా పక్కనే నిలబడి ఉన్నాడు.

తాళం ఊడింది.

ఆగిపోయిన చేతులన్నీ ఒక్కసారిగా కదిలాయి. పైన తెరలు వెలిగాయి. ఎవరి బొమ్మ వాళ్ళకే వెళ్ళింది. మినీబస్సులో వచ్చినవాళ్ళలో చాలామంది బతికారు.

చెరిపేసిన నగియా బొమ్మ ఉండే చోట కొత్త బొమ్మ ఒకటి వచ్చి కూర్చుంది. తెరిచాను. ఛాతీ. ఎడమ భుజం ఎముకకి బిగించిన స్క్రూలు. చదువుకునే రోజుల్లో స్కూటర్ మీంచి పడితే వేశారని మేడమ్ చాలాసార్లు చెప్పింది.

మేం వెళ్ళేసరికి ఆమె ఆ కుర్చీలో గోడకేసి కూర్చుని ఉంది. ఒంటికి ఏ దెబ్బా లేదు. పిలిస్తే లేచి వచ్చింది. పని పూర్తయింది కదా అని అడిగింది. అయిందన్నాను. వారం తిరక్కుండా దగ్గు మొదలైంది.

మా ఆస్పత్రిలో ఎక్స్‌రే తీశారు. తెర మీద ఉట్టి నలుపు. యంత్రం పాడైందనుకున్నారు. ఆమె తర్వాత తీసిన మనిషిది మాత్రం చక్కగా వచ్చింది. కైరో తీసుకెళ్ళాను. అక్కడా నలుపే. ఇంకో చోట స్కాన్ చేయించాం. ఎముక లేదు, గుండె లేదు. మంచం మీద ఎవరూ పడుకోనట్టు వచ్చింది. కనబడని జబ్బుకి ఏం మందివ్వాలో డాక్టర్లకి తెలియలేదు. తోచిందేదో ఇచ్చారు. ఆమె ఎవర్నీ తిట్టలేదు. తిరుగు రైల్లో నా భుజానికి తల ఆనించి, ప్రోగ్రాం ఎలా నడుస్తోంది అని మాత్రం అడిగింది. బాగా నడుస్తోందన్నాను. నిజమే చెప్పాను. అదొక్కటే బాగుంది.

చలికాలం రాకముందే పోయింది.

పోవడానికి ముందు షెహాతా బాబాయ్ చివరిసారి ప్రయత్నించాడు. తనే ఎత్తుకుని ఎక్స్‌రే పలక ముందు నిలబెట్టాడు. చేతులు రెండూ నడుం మీద పెట్టించాడు, తలుపేసి ఇవతలికొచ్చి, ఊపిరి బిగపట్టమ్మా అన్నాడు. అద్దంలోంచి నేను చూస్తూనే ఉన్నాను. గదిలో ఆమె ఒక్కతే.

తెర మీద మళ్ళీ నలుపు వచ్చింది. కానీ ఈసారి పూర్తి నలుపు కాదు. భుజం ఉండాల్సిన చోట తెల్లగా ఏదో ఉంది. వెనకనుంచి వచ్చి, భుజాన్ని పట్టుకున్నట్టు ఉన్న చెయ్యి. వేళ్ళ ఎముకలు విడివిడిగా, స్పష్టంగా కనబడుతున్నాయి.

నగియాదా అని అడిగాను.

ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని తెరకి దగ్గరగా వంగాడు.

"కాదు," అన్నాడు మెల్లగా. "పెద్దవాళ్ళ చెయ్యి కాదిది, ఎవరో చిన్నపిల్లలది. ఈ ఎముకల చివర్లు ఇంకా అతుక్కోలేదు."