కొక్కెం విడిచే చోటు

"నా అల్లిక సూదులేవండీ?"

గుమ్మంలో ఓ అమ్మాయి. గొడుగు నుంచి ధారలు కారుతున్నాయి, కళ్ళలోంచి నిప్పులు రాలుతున్నాయి. బయట నవంబరు వాన, నెల్లూరు ట్రంకు రోడ్డు వాగైపోయింది. ఇంత వానలో సూదుల కోసం ఎవరైనా వస్తారా?

దావీదు చేతిలో ఆకురాయి ఉంది. ఆ ఆకురాయి కింద, అయ్యో దేవుడా, ఓ సూది ముక్క ఉంది. గబుక్కున గుప్పిట్లో దాచేశాడు.

"ఏ సూదులు?"

"అల్యూమినియంవి. మీ చెల్లెలు ఆనందకుమారి అడిగి తీసుకుంది. నేను పుష్పకుమారిని, ట్రెయినింగు స్కూల్లో తన క్లాస్‌మేట్‌ని. మా నాన్న గూడ్సు గార్డు. బండి వెనకాల పెట్టెలో చలికి వణకతా పోతాడు. ఆయన మఫ్లరు సగంలో ఆగిపోయింది."

"అవి... రైలెక్కాయండీ."

"ఏ ఊరికి?"

"ఊరికి కాదు. ఇరుసులైపోయినాయి."

గొడుగు మూసి విసవిసా లోపలికొచ్చింది, తిట్టడానికే. కానీ నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

గది నిండా రైలు! రెండు మంచాల మీద చెక్కలు పరిచి, ఇసక పోసి, పట్టాలు వేశాడు. మద్రాసు మూర్ మార్కెట్లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న కరెంటు ఇంజను. అట్టతో కట్టి రంగులేసిన వ్యాగన్లు. వాటి కింద మెరుస్తూ ఆమె సూదులు. నెల్లూరు, గూడూరు, బిట్రగుంట అని బుల్లి బోర్డులు.

"చూడండి! బిట్రగుంటలో ఆఖరి వ్యాగను దానంతటదే ఊడుతుంది. చెయ్యి కూడా పెట్టను!" బీఎస్సీ ఫిజిక్సు దావీదు ఛాతీ విరుచుకుని మీట తిప్పాడు.

బండి బిట్రగుంట చేరింది. ఆగింది. కదిలింది. అన్ని వ్యాగన్లూ ఇంజను వెనకాలే బుద్ధిగా వెళ్ళిపోయాయి.

మళ్ళీ తిప్పాడు. మళ్ళీ అంతే.

"ఆహా, ఏం మహత్యమండీ!"

"నిన్న ఊడింది! ఒట్టు!"

ఆమె పట్టాల మీదికి వంగింది. "మీరు ముందుకు లాగతానే ఉండారు. బిగిసిపోయి ఉంటే ఎట్టా ఊడుతుంది? బిట్రగుంట యార్డులో మా నాన్న ఏం చేస్తాడో తెలుసా? డ్రైవరుకి 'ఈజప్!' అని కేకేస్తాడు. ఇంజను రవ్వంత వెనక్కొస్తుంది, బిగువు తగ్గుతుంది. అప్పుడే కప్లింగు విడిచేది."

దావీదు ఇంజన్ని రవ్వంత వెనక్కి తెచ్చాడు. టిక్! కొక్కెం విడిపోయింది. ఇంజను ముందుకెళ్ళింది, వ్యాగను బిట్రగుంటలోనే నిలబడిపోయింది!

పుష్పకుమారి చప్పట్లు కొట్టింది. గొడుగు కిందపడింది. కోపమూ దాంతోపాటే పడిపోయింది. "ఎవరు ఊడదీసినారు? దారం కట్టినారా?"

"రహస్యం."

"సూదులు నావి, రహస్యం మీదా?"

ఇంకా వంగింది. తడిసిన జడలోంచి హెయిర్‌పిన్ను జారి పట్టాల మధ్య ఇసకలో పడింది. పడి ఊరుకోలేదు, నిటారుగా నిలబడింది!

ఇద్దరూ పిన్ను వంక చూశారు. తర్వాత ఒకరి వంక ఒకరు చూసుకున్నారు.

"అయస్కాంతం!" అంది పుష్పకుమారి. కళ్ళు ఎంత పెద్దవయ్యాయంటే దావీదు ఫిజిక్సంతా మర్చిపోయాడు.

"చెంచయ్య మైకుసెట్టు షాపులో పాత లౌడ్‌స్పీకర్లవి," అని ఒప్పుకున్నాడు. "ఇసక కింద పాతిపెట్టా. కొక్కేనికి సన్న ఉక్కు తీగ వేలాడుతుంటుంది. అయస్కాంతం తీగని పక్కకి లాగుతుంది, కొక్కెం తెరుచుకుంటుంది. ఇరుసులు ఇనుపవైతే బండినే పట్టేసుకుంటుంది గదా, అందుకే మీ సూదులు... చర్చిలో కోత పండక్కి పెడదామని. పిల్లలు ఏ స్టేషను పేరు చెప్తే అక్కడ పిప్పరమెంట్ల వ్యాగను ఊడుతుంది."

"అయితే పిప్పరమెంట్లు పంచేది నేనే. సూదులు కోసినందుకు జరిమానా అది!"

ఆ రోజు నుంచి వాన ఆగినా ఆమె రావడం ఆగలేదు. బోర్డులకు రంగులు వేసింది. వేపరెమ్మలు గుచ్చి చెట్లు చేసింది. దావీదు బండిని జోరుగా లాగినప్పుడల్లా "ఈజప్!" అని అరిచింది. ఇంట్లో అందరికీ అదే ఊతపదమైపోయింది.

పండక్కి ముందు రోజు మధ్యాహ్నం ఆనందకుమారి బాంబు పేల్చింది.

"అన్నా, రేపు పుష్పని చూసేదానికి గూడూరు వాళ్ళొస్తున్నారంట. నువ్వేమన్నా చెప్పుకోవాల్సింది ఉంటే ఇప్పుడే చెప్పుకో!"

దావీదు పరిగెత్తాడు. పుష్పకుమారి వ్యాగన్లలో పిప్పరమెంట్లు నింపుతోంది.

"పుష్పగారూ!"

"ఊఁ?"

"నేను... అంటే మీరు... అసలు మనం... ఆ ట్రాన్స్‌ఫార్మరు వేడెక్కుతోంది!"

"వేడెక్కింది ట్రాన్స్‌ఫార్మరేనా?" అని నవ్వి వెళ్ళిపోయింది.

నోరు పనికిరాదని తేలిపోయింది. సరే, రైలుతోనే చెప్పిస్తా అనుకున్నాడు. చర్చి కాంపౌండులో బల్లలు వేసి పట్టాలు అమర్చేటప్పుడు, పుష్పకుమారి కూర్చోబోయే కుర్చీకి ఎదురుగా, ఓ వేపరెమ్మ మొదట్లో, ఎవరికీ చెప్పకుండా ఇంకో అయస్కాంతం పాతాడు. కొత్త అల్యూమినియం సూదులు కొని ఎర్ర రిబ్బను కట్టాడు. ఆఖరి వ్యాగను ఆమె ముందు ఆగుతుంది. ఆమె సూదులు తీసుకుంటుంది. తల ఎత్తి చూస్తుంది. అంతే!

పండగ రోజు కాంపౌండంతా సందడి. కానుకలుగా వచ్చిన మొలగొలుకుల బియ్యం బస్తాలు, గుమ్మడికాయలు, కోళ్ళు. "ఒకటోసారి, రెండోసారి" అని వేలం కేకలు. రైలు దగ్గర పిల్లలు ఎగబడుతున్నారు. "గూడూరు! గూడూరు!" టిక్! "బిట్రగుంట!" టిక్! ఒక్కసారి కూడా తప్పలేదు. గూడూరు వాళ్ళు అప్పుడే వచ్చి పాస్టరుగారింట్లో టీ తాగుతున్నారు.

ఇప్పుడే! దావీదు ఆఖరి వ్యాగనులో సూదులు పెట్టి మీట తిప్పాడు. కళ్ళు కొక్కెం మీదే. వేపరెమ్మ దగ్గర ఆపాడు. రవ్వంత వెనక్కి. టిక్! ఇంజను ముందుకి. వ్యాగను నిలిచింది. ఊపిరి బిగబట్టి తల ఎత్తాడు.

కుర్చీలో తెల్ల కోటు. గుబురు మీసాలు. పుష్పకుమారి నాన్న, గార్డు జ్ఞానప్రకాశంగారు!

"ఏంది అబ్బయ్యా ఇది? నాకు అల్లిక సూదులా?"

చుట్టూ గొల్లున నవ్వులు. దావీదు సూదుల వంక వేలు చూపించాడు. "అవి... మీ... మఫ్లరు... అంటే మీక్కాదు, మీకే, కానీ..." మాటలన్నీ గొంతులో ఒకదాన్నొకటి గుద్దుకుని బిగిసిపోయాయి.

గార్డుగారి కుర్చీ వెనక నిలబడిన పుష్పకుమారి మెల్లిగా అంది: "ఈజప్!"

దావీదు ఓ అడుగు వెనక్కి వేశాడు. ఊపిరి వదిలాడు.

"సూదులు మీ అమ్మాయికండీ. ఆమెవి నేను కోసేసినాను. ఆమెని పెళ్ళి చేసుకోవాలని ఉంది. ఆమెకి చెప్పే ధైర్యం లేక రైలు పంపించినా."

గార్డుగారు కూతురి వంక చూశారు. కూతురు నేల చూపు చూసింది గానీ నవ్వు ఆపుకోలేకపోయింది.

"వ్యాగన్లు విడదీయడం బానే నేర్చినావు," అన్నారాయన మీసం దువ్వుకుంటూ. "కలపడం వచ్చా?"

"కలిపేదానికి అయస్కాంతం అక్కర్లేదండీ. దగ్గరికి తెస్తే చాలు, వాటంతటవే పట్టుకుంటాయి."

"కానీయ్, చూపించు."

దావీదు మీట వెనక్కి తిప్పాడు. మెల్లిగా, మెల్లిగా బండి వెనక్కొచ్చింది. టక్! కొక్కేలు కలిశాయి.

గార్డుగారు వేలితో వ్యాగన్ని ఓసారి లాగి చూశారు. ఊడలేదు. తృప్తిగా లేచి కోటు దులుపుకున్నారు. "నేను పోయి గూడూరు వాళ్ళకి ఏదో సర్ది చెప్పొస్తా. అమ్మాయ్, సూదులు తీసుకో. నా మఫ్లరు చలికాలం పోకముందే కావాల."

ఆయన అటు వెళ్ళగానే దావీదు గుసగుసలాడాడు. "కుర్చీ మీది గదా! ఆయనెట్టా వచ్చినారు?"

పుష్పకుమారి జడలోంచి హెయిర్‌పిన్ను తీసి చూపించింది. "అనుమానమొచ్చి నిన్న సాయంత్రం దీంతో పట్టాలన్నీ వెతికినా. నా కుర్చీ ఎదురుగా నిలబడింది. అందుకే ఆ కుర్చీలో మా నాన్నని కూర్చోబెట్టినా."

"ఎందుకండీ అంత పని?"

"మీరు నాకు చెప్తే నేను సరే అనేదాన్ని. ఆ తర్వాత మా నాన్నకెవరు చెప్తారు? ట్రాన్స్‌ఫార్మరా?"

అని, పిన్ను జడలో పెట్టుకుని, సూదులు రెండూ అతనికి అందకుండా వెనక్కి దాచుకుంది.